తలుపు దగ్గర వేసిన కుర్చీ

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీన మన బోధనాసుపత్రి సాధారణ వైద్య విభాగంలో చేరిన పెద్ద డాక్టరుగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శుభసందర్భంలో, పాతికేళ్లు వారిని అనుమానించిన శస్త్రచికిత్స విభాగాధిపతే ఈ అభినందన వ్యాసం రాయవలసి రావడం విధివిలాసం.

తొలి పదేళ్లు వారు దగ్గులు, జ్వరాలు చూసుకుంటూ ఎవరి జోలికీ పోలేదు. తరువాత విద్యార్థుల శిక్షణ వారికి అప్పగించారు. చిక్కంతా అక్కడే వచ్చింది. బంగారు పతకాలు తెచ్చుకున్న పిల్లలు సైతం గుండెను, మెదడును కాదని, మామూలు డాక్టర్లమే అవుతామంటూ వారి గదిలోంచి బయటికి వచ్చేవారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా! మార్కులు పంచిపెడుతున్నారేమోనని ఈ వ్యాసకర్త రిజిస్టర్లు తిరగేశాడు. మహా పిసినారి మార్కులు. విద్యార్థి కుర్చీని తమ పక్కన కాక తలుపు దగ్గర వేయించడం కూడా, పిల్లలు తొందరగా జారుకోవడానికేనని తీర్మానించుకున్నాడు.

నాలుగేళ్ల కిందట ఈ వ్యాసకర్త ఒక్కగానొక్క కూతురే, శస్త్రచికిత్సలో వచ్చిన సీటు వదులుకుంటానంది.

"ఏం మందు పెట్టాడమ్మా నీకు ఆయన?"

"మీరే ఒకపూట ఆ కుర్చీలో కూర్చుని చూడండి నాన్నా."

కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులని వచ్చిన పెద్దావిడ ఒకరు మందుల చీటీ తీసుకుని లేచారు. తలుపు మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగారు. డాక్టరుగారు కలం మూసి, "ఇంకేమన్నా ఉందా అమ్మా?" అన్నారు.

"అబ్బే, ఏం లేదు బాబూ... నెల్లాళ్లుగా ముద్ద గొంతు దిగట్లేదు. ఇంట్లో చెప్తే కంగారు పడతారని."

అసలు జబ్బు తలుపు దగ్గర బయటపడింది. కుర్చీ అక్కడే ఎందుకుందో అప్పుడు బోధపడింది. ఆవిడకు ఆపరేషన్ చేసినది ఈ వ్యాసకర్తే. ఇప్పటికీ ఆవిడ మోకాళ్ల నొప్పులకే వస్తున్నారు.

అయినా అనుమానం చావలేదు. వెళ్లబోతూ తానూ తలుపు దగ్గర ఆగాడు.

"ఇంకేమన్నా ఉందా సార్?"

"పిల్ల చాకులాంటిదండీ. ఈ దగ్గుల మధ్య మరుగున పడిపోతుందేమోనని భయం."

"మా నాన్నగారూ అలాగే భయపడ్డారు. ఆయన జబ్బు ముందు కనిపెట్టింది నేనే."

నెల మారాక వచ్చే సోమవారం నుంచి ఆ గది మా అమ్మాయిది. పోయిన నెలే డాక్టరుగారు మారు తాళంచెవులు ఆమెకు అప్పగించి, తలుపు మీద చెయ్యి వేసి ఆగారు.

"ఇంకేమన్నా ఉందా సార్?" అందట అమ్మాయి.

ఆయన నవ్వి, వెనక్కి వచ్చి కూర్చున్నారు. "మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోందమ్మా."

వారి అనుమతితోనే ఈ సంగతి రాయడమైనది. కనుక పెద్ద డాక్టరుగారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు వర్ధిల్లాలని కోరడం ఇక్కడ లాంఛనం కాదు. మందులు మొదలుపెట్టి రెండు వారాలైంది.