పైవీధి గోడని కూల్చిన మేస్త్రి

కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ సైకిలుకి స్టాండు వేసి, టీ చెప్పి, ఊరికే ఒక మాట అడిగాడు.

"అన్నా, ఈ వీధి ఒక్కటే కదా? మరి సగం దాకా పైవీధి, అక్కణ్ణుంచి కిందివీధి అంటారేంటి? ఇళ్ళ నెంబర్లు కూడా మధ్యలో ఆగిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతున్నాయి. పొద్దున్నుంచీ తిరిగిందే తిరుగుతున్నాను."

అడిగింది టీకొట్టు నడిపే నన్ను. నేను నోరు తెరిచేలోపే బల్ల మీదున్న మేస్త్రి బాబాయ్ టీగ్లాసు కింద పెట్టాడు. డెబ్భై దాటిన మనిషి, ఒకప్పుడు ఈ పేటలో తాపీపని అంటే ఆయనే. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే టీ చల్లారిపోయేదాకా మళ్ళీ ఎత్తడని నా కొట్టుకి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. పక్కనే కూర్చున్న కటింగ్ షాపతను నాకేసి చూసి కన్నుగీటి, తీరిగ్గా కాలు మీద కాలేసుకున్నాడు.

"నన్నడుగు నాయనా. టీకొట్టువాడికి టీ తప్ప ఏం తెలుసు? అక్కడ గోడ ఉండేది. అలాంటిలాంటి గోడ కాదు, వీధికి అడ్డంగా ఈ ఇంటి నుంచి ఆ ఇంటి దాకా, మనిషి భుజాల మీద మనిషి నిలబడినా అవతల ఏముందో కనపడేది కాదు. దాన్ని పడగొట్టింది ఎవరనుకున్నావు? నేనే. నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు, ఈ పేటలో ఎవర్నైనా అడుగు. నేను చేసిందల్లా ఒక్క ఇటుక కదపడం. ఒక్కటంటే ఒక్కటి. మిగతాది దానంతటదే జరిగిపోయింది."

"అసలు గోడ ఎందుకు లేచింది?" అన్నాడు పోస్ట్‌మాన్.

"అదీ అడగాల్సిన మాట. ఇప్పుడు ఆ పెద్ద గోడౌన్ ఉంది చూడు, అది అప్పట్లో దారం మిల్లు. పైవీధివాళ్ళు మిషన్ల మీద, కిందివీధివాళ్ళు పత్తి బేళ్ళు మోసేచోట. అందరూ ఒకే సైరన్‌కి లేచేవాళ్ళు, ఒకే సైరన్‌కి తినేవాళ్ళు, పెళ్ళాంతో పోట్లాట కూడా సైరన్ మోగితే ఆపేసేవాళ్ళు. ఓ రోజు సైరన్ మోగలేదు. మిల్లు మూసేశారు. మూసినవాడు ఎక్కడున్నాడో ఎవడికి తెలుసు, చేతికి దొరకడు కదా. ఎదురింటివాడు దొరుకుతాడు. మీరు సమ్మె మొదలెట్టబట్టే మూతపడింది అని వీళ్ళు, మీరు సమ్మెలోంచి జారుకోబట్టే మూతపడింది అని వాళ్ళు. ముందు మాటలు, తర్వాత రాళ్ళు, ఆ తర్వాత సీసాలు. పనిలేని కుర్రాళ్ళ జేబుల్లోకి కత్తులొచ్చాయి. మూలమీది మందుల షాపు తగలబడింది. బస్సు మన పేటలోకి రావడం మానేసింది. పేటపేరు చెప్తే ఎవడూ పనిలోకి తీసుకునేవాడు కాదు."

"అది మాత్రం నిజమే," అన్నాడు కటింగ్ షాపతను. "నేను మా అత్తవారి అడ్రసు చెప్పి పనిలో చేరాను."

"చూశావా, సాక్ష్యం కూడా పక్కనే ఉంది. చివరికి రెండు వీధుల పెద్దమనుషులూ కూర్చుని, అన్నేళ్ళలో మొదటిసారి ఒక్క మాట మీదకొచ్చారు. ఏంటా మాట? మధ్యలో గోడ కట్టేద్దామని! గోడ లేచింది. లేచాక గుర్తొచ్చింది, కుళాయేమో కిందివీధిలో ఉండిపోయింది, డిస్పెన్సరీ పైవీధిలో ఉండిపోయింది. వీళ్ళకి మందుల్లేవు, వాళ్ళకి నీళ్ళు లేవు. మరేం చేశారో తెలుసా? ఆడవాళ్ళు గోడ మీదుగా తాడు వేసి బకెట్టు కట్టారు. ఇటు నుంచి నీళ్ళు వెళ్ళేవి, అటు నుంచి అదే బకెట్లో జ్వరంబిళ్ళలు వచ్చేవి. మగాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు. ఈ కటింగ్ షాపువాడూ, అవతలి కరెంటు పనివాడూ గోడకి చెరోపక్కా కూర్చుని, ఎత్తులు అరిచి చెప్పుకుంటూ చదరంగం ఆడేవాళ్ళు."

"వాడి బలగం నాకు కనపడేది కాదు బాబాయ్. ఎప్పుడూ వాడే గెలిచేవాడు."

అందరం నవ్వాం. అదుగో, అప్పుడొచ్చింది కుట్టు షెడ్డులో పనిచేసే అక్క, చేతిలో ఫ్లాస్కుతో. షెడ్డులో అందరికీ రోజూ మధ్యాహ్నం టీ ఆవిడే పట్టుకెళ్తుంది. బాబాయ్ వీపు ఆవిడ వైపుంది, చూడలేదు. నేను ఫ్లాస్కు అందుకుంటూ ఏదో అనబోయాను. ఆవిడ నోటి మీద వేలు పెట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ఇక అసలు సంగతికొస్తా," అన్నాడు బాబాయ్. "ఓ రోజు మిట్టమధ్యాహ్నం కిందివీధిలో ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. నర్సమ్మ ఉండేదేమో పైవీధిలో. చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీంచి తీసుకొద్దామంటే అక్కడ టైర్లు తగలబెడుతున్నారు, ఒక్క బండి కదలడం లేదు. ఆ పిల్ల అరుపులు నా చెవిన పడ్డాయి. తింటున్నవాణ్ణి తింటున్నట్టే లేచి, సుత్తి తీసుకుని గోడ దగ్గరికెళ్ళాను. నెమ్మదిగా, బిడ్డ వీపు తట్టినట్టు, ఒక్క ఇటుక మీద టక్కుమని కొట్టాను. అంతే. అది ఊడింది. ఊడి ఊరుకుందా? అవతలికి రివ్వున లేచి, పైవీధి కుర్రాళ్ళ లీడరు పులి అని ఒకడుండేవాడులే, సరిగ్గా వాడి చేతికి తగిలి, కత్తి ఎగిరిపోయి కరెంటు స్తంభంలో దిగబడింది. ఇప్పటికీ అక్కడ గంటు ఉంది."

"అది స్తంభం మీద లారీ గుద్దిన గంటు కదా?" అన్నాన్నేను.

"లారీ తర్వాత గుద్దింది, కత్తి గంటు చూడ్డానికొచ్చి! నువ్వు టీ కాచుకో. ఆ తర్వాత ఏమైందో విను పోస్టూ. రెండువైపులా కుర్రాళ్ళు పోగయ్యారు. నర్సమ్మని వీళ్ళు ఎత్తుకుపోతారని వాళ్ళూ, కుళాయి మీదకి వాళ్ళు వచ్చిపడతారని వీళ్ళూ, మధ్యలో దొరికింది నేను. రాళ్ళవాన. ఇంకొకడైతే పారిపోయేవాడు. నేను తాపీవాణ్ణి కదా, రాయి కనపడితే చెయ్యి ఊరుకోదు. వచ్చిన రాయిని వచ్చినట్టే పట్టుకోవడం, పక్కన పేర్చడం. పెద్దది అడుగున, చిన్నది పైన. వాళ్ళ దగ్గర రాళ్ళు అయిపోయేసరికి గోడ ఎక్కడానికి నాకు మెట్లు తయారు! ఎక్కి అవతలికి దూకి, నర్సమ్మని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాను. ఆవిడ నీలాగా పీలగా ఉండే మనిషి కాదు నాయనా, మంచి పుష్టి. పైగా మందులపెట్టె, పైగా వేడినీళ్ళ గిన్నె."

"గిన్నెలో నీళ్ళు ఒలికాయా?"

"ఒక్క చుక్క ఒలికితే పేరు మార్చుకుంటా. పైగా ఆవిడ నా భుజాల మీద కూర్చునే కింద గుంపులో ఇద్దరికి నాడి చూసింది. ఒకడికి బీపీ ఉందంది. సరే, గోడ మీదకొచ్చి నిలబడ్డాను. అప్పుడు కోపమొచ్చింది నాకు. ఎప్పుడూ రాదు, ఆ రోజు వచ్చింది. ఈ గోడ మూలంగానే కదా ఇంత గోల అని మడమతో ఒక్క తొక్కు తొక్కాను. ఏం చెప్పమంటావు! ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడంతా మోకాళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆ చప్పుడికి ఊరంతా కిటికీల అద్దాలు పగిలాయి. ఏటి అవతల గడియార స్తంభం ఆగిపోయింది. దుమ్ము లేచి సూర్యుణ్ణి కమ్మేసింది, ఆకాశంలో వెళ్తున్న విమానం దారి తప్పి ఇక్కడే గిరగిరా తిరిగింది. నేను చొక్కా విప్పి ఊపుతూ దానికి దారి చూపించాల్సొచ్చింది."

"భుజాల మీద నర్సమ్మ ఉందిగా బాబాయ్, చొక్కా ఎలా విప్పావు?" అన్నాడు కటింగ్ షాపతను.

"ఆవిడే విప్పింది! నర్సుకి చొక్కా విప్పడం రాదా ఏంటి? సరే, లోపలికెళ్ళాం, బిడ్డ పుట్టింది. పుట్టిన బిడ్డ ఏడవాలా? ఏడవలేదు. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు విని పులిగాడూ, కిందివీధి లీడరూ నా చెరో భుజం మీదా పడి ఏడ్చారు, చొక్కా తడిసిపోయింది. ఇక పడ్డ ఇటుకలంటావా, వాటితో పేటకి స్కూలు కట్టాను. ఇంకా మిగిలాయి, ఆస్పత్రి కట్టాను. ఇంకా మిగిలాయి, ఏటి మీద వంతెన కట్టాను."

"వంతెన ఇనుముది కదండీ," అన్నాడు పోస్ట్‌మాన్.

"పైన ఇనుము. లోపలంతా నా ఇటుకలే. కార్పొరేషన్ వాళ్ళొచ్చి నడికూడలిలో నా విగ్రహం పెడతామన్నారు. పావురాలు పాడుచేస్తాయి, వద్దని నేనే పంపేశాను."

"అన్నయ్యా," అంది వెనకనుంచి కుట్టు షెడ్డు అక్క.

బాబాయ్ మెల్లిగా తిరిగి చూశాడు. "నువ్వెప్పుడొచ్చావు చెల్లెమ్మా?"

"నర్సమ్మ నీ భుజాలెక్కక ముందే."

ఆవిడ వచ్చి బల్ల చివర కూర్చుంది. పోస్ట్‌మాన్‌తో, "ఆ నొప్పులు పడ్డది నేనే బాబూ," అంది.

బాబాయ్ గ్లాసు ఎత్తి, చల్లారిన టీ ఒక గుక్క తాగాడు.

"మా ఇల్లు గోడకి ఆనుకునే ఉండేది. నన్ను నేల మీద చాప వేసి పడుకోబెట్టారు. మెయిన్ రోడ్డు మీద గొడవ మాత్రం నిజమే, మా ఆయన బండి కోసం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. నాకు తెలివి తప్పుతోంది. మా అత్త ఇంక ఆగలేక గోడ దగ్గరికెళ్ళి దానికి నోరు ఆనించి అరిచింది. అమ్మల్లారా, ఎవరైనా ఉన్నారా, మా కోడలు చచ్చిపోతోంది, అని. అప్పటిదాకా ఆ గోడ దగ్గర అరుపంటే తిట్టే. కాసేపు అవతల ఏ చప్పుడూ లేదు. మా అత్త తిరిగి రాబోతుంటే గీకుతున్న చప్పుడు వినపడిందట. అటుపక్క ఎవరో గరిటెతో ఇటుకల సందులో గీకుతున్నారు. మా అత్త కూడా పరిగెత్తుకొచ్చి మా గరిటె పట్టుకెళ్ళింది. ఇంకొకరొచ్చారు, ఇంకొకరొచ్చారు. స్క్రూడ్రైవర్లు, కత్తెరలు, ఏమీ దొరకనివాళ్ళు గోళ్ళతో. అంతా ఆడవాళ్ళే."

"కుర్రాళ్ళు ఏం చేశారు?" అన్నాడు పోస్ట్‌మాన్.

"రాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఎవడు వేస్తాడు? వంగి ఇటుకలు లాగుతున్నది వాళ్ళ అమ్మలేనాయె. పులి వాళ్ళమ్మ అయితే వెనక్కి తిరిగి, చేతిలో ఉన్నది అవతల పారేసి ఈ ఇటుకలు అందుకోరా అందట. అందుకున్నాడు. మనిషి దూరేంత కన్నం పడగానే నర్సమ్మ బోర్లా పడుకుని పాక్కుంటూ వచ్చింది. మోచేతులు రెండూ కొట్టుకుపోయి రక్తాలు కారుతున్నాయి. నేను కళ్ళు తెరిస్తే మొదట కనపడింది ఆ చేతులే. ఈవిడకే దెబ్బ తగిలింది, నాకు పురుడెవరు పోస్తారు అనుకున్నాను."

కటింగ్ షాపతను కాలు మీద కాలు తీసేశాడు.

"బిడ్డ నవ్విందా మరి?" పోస్ట్‌మాన్ అడిగాడు.

"ఏడ్చింది. గట్టిగా. గోడ అవతలికి కూడా వినపడింది. అక్కడ నిలబడ్డవాళ్ళు కూడా ఏడ్చారని తర్వాత చెప్పారు. అదిగో, షెడ్డులో టీ కోసం ఎదురుచూస్తోంది, దానికిప్పుడు ఇద్దరు పిల్లలు." నేను నింపిన ఫ్లాస్కు అందిస్తే తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "ఆ కన్నం మళ్ళీ ఎవరూ పూడ్చలేదు. నీళ్ళకొచ్చేవాళ్ళు ఒక ఇటుకా, మందులకెళ్ళేవాళ్ళు ఒక ఇటుకా తీసుకుంటూ పోయారు. వానాకాలం వచ్చేసరికి గోడ లేదు. గొడవలు వెంటనే ఆగలేదులే, ఇంకో రెండేళ్ళు పట్టింది. కానీ గోడ మాత్రం లేదు."

"మరి మేస్త్రిగారు ఆ రోజు?"

"నేనైతే చూళ్ళేదు. చూశామన్నవాళ్ళు కూడా లేరు." ఆవిడ బాబాయ్ వైపు తిరిగింది. "కానీ అన్నయ్యా, ఇంత కథ చెప్పి ఒక్క ముక్క మింగేశావేం? ఆ గోడ కట్టింది ఎవరు?"

బాబాయ్ గ్లాసులోకి చూశాడు.

"నువ్వే. సిమెంటు బస్తాలు పైవీధి పెద్దల దగ్గరా తీసుకున్నావు, కిందివీధి పెద్దల దగ్గరా తీసుకున్నావు. ఒక్కటి కూడా గోడలోకి పోలేదు. లోపలంతా ఇసుకే. కాకపోతే మా అత్త గరిటెకి ఇటుక ఊడొస్తుందా? గట్టిగా కట్టి ఉంటే నేనూ లేను, నా కూతురూ లేదు. అందుకే ఇన్నేళ్ళూ నిన్నెవరిముందూ ఏమీ అనలేదు."

పొయ్యి మీద టీ పొంగబోతుంటే నేను మంట తగ్గించాను. బాబాయ్ గ్లాసు పక్కన పెట్టి, భుజం మీద తువ్వాలు దులిపి వేసుకుని, నిటారుగా కూర్చున్నాడు.

"మరి ఇంతసేపూ నేను మొత్తుకుంటున్నదేంటి? ఆ గోడ పడగొట్టింది నేనే అని కదా! ఎవడైనా కట్టాక పడగొడతాడు. అందులో గొప్పేముంది? నేను కట్టేటప్పుడే పడగొట్టేశాను."

అక్క నవ్వాపుకోలేక ఫ్లాస్కు బల్ల మీద పెట్టేసింది. పోస్ట్‌మాన్ నవ్వాడు, నేనూ నవ్వాను. కటింగ్ షాపతను ఒక్కడే నవ్వలేదు.

"బాబాయ్, పోయిన వేసవిలో మా షాపు వెనకగోడ కట్టింది నువ్వే కదా?"

"నేనే. ఏం?"

"మా నాన్న మంచం దానికే ఆనించి ఉంది," అని చెప్పులు కూడా వేసుకోకుండా వీధికి అడ్డంపడి పరిగెత్తాడు.