మధ్యలో వచ్చిన జోకర్లు

కేరళలోని తలశ్శేరిలో ఒక ఇంటి వరండాలో కొత్త కోడలు అత్తగారి మోకాళ్ళకు తైలం రాస్తోంది. ఒకప్పుడు సర్కస్ ఊయలలకు తలకిందులుగా వేలాడిన మోకాళ్ళవి.

"చిన్నప్పుడు ఓణం సెలవుల్లో మా పాలక్కాడ్‌కి ఒకే ఒక్కసారి సర్కస్ వచ్చింది అత్తమ్మా. నాన్న ఒళ్ళో కూర్చుని చూశాను."

"ఏం నచ్చిందే నీకు?"

"జోకర్లు! పైన అమ్మాయిలు ఊగుతుంటే మధ్యలో బిలబిలమంటూ వచ్చేశారు. బ్యాండు హోరెత్తిపోయింది. ఒకడి లాగు ఊడింది. నవ్వలేక చచ్చాననుకో!"

"మధ్యలోనా? ఊయలాట అయ్యాకా?"

"మధ్యలోనే. ఏం?"

"మధ్యలో జోకర్లు రారమ్మా. ఎవరైనా పడిపోతేనే పంపుతారు, జనం అటు చూడకుండా."

కోడలి చెయ్యి ఆగిపోయింది.

"నేనెవర్నీ చూడలేదత్తమ్మా."

"చూడకూడదనేగా వాళ్ళు గంతులేసేది. ఆ ఓణానికే, పాలక్కాడ్‌లోనే, మా చెల్లెలు ప్రసన్న వల దాటి కింద పడింది."

"అయ్యో! అయితే నేను నవ్వింది..."

"నువ్వేం చేస్తావే, పసిపిల్లవి. డేరా వెనక దాని తల నా ఒళ్ళో ఉంది. మీ నవ్వులూ చప్పట్లూ వినపడుతూనే ఉన్నాయి. పోయేముందు కళ్ళు తెరిచి ఒక్కటే అడిగింది."

"ఏమని?"

"'అక్కా, ఇంతలా చప్పట్లు కొడుతున్నారు, బాగా చేశానా?' అని."