ఫాల్స్ సీలింగుకి వేలాడిన పెళ్లిమండపం

షిమ్‌కెంట్‌లో ఇళ్ల సామాన్ల బజారు గేటు పక్కనే నా టీ కొట్టు. మేకులు కొనేవాడు, మేకులు అమ్మేవాడు, మేకు గుచ్చుకున్న వేలికి గుడ్డ చుట్టుకున్నవాడు, అందరూ నా దగ్గరే కూర్చుంటారు. ఆ మధ్యాహ్నం రౌషన్ వచ్చి బల్ల మీద మూడు ముక్కలు పెట్టింది. ఒకటి తెల్ల పలక, ఒకటి జిప్సం బోర్డు, ఒకటి గళ్లు గళ్లుగా తెరిచి ఉన్న నల్లటి జాలీ. ఇరవై రెండేళ్లు ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకి వంట చేసి, కూడబెట్టిందంతా పోసి సొంత పెళ్లిమండపం కట్టుకుంది. మూడు వారాల్లో అందులో మొదటి పెళ్లి. స్లాబు కింద పైపులూ వైర్లూ ఇంకా పేగుల్లా వేలాడుతున్నాయి. ఏ సీలింగు వేయించాలో, ఎవరిచేత వేయించాలో సాయంత్రంలోగా తేల్చుకోవాలి. తప్పు ఎంచుకుంటే విప్పించి మళ్లీ వేయించే స్థోమత ఆమెకి లేదు.

అడగడానికి ఆమెకి దొరికింది జైనొల్లా. ముప్ఫై ఏళ్లుగా సీలింగులు బిగించే మేస్త్రి, ముప్ఫై ఏళ్లుగా కోతలు కోసే మనిషి. ఈ రెండిట్లో వాడికి ఏది ముందు అబ్బిందో నాకు ఇప్పటికీ తెలీదు. వాడి ఈడువాడే ఎలక్ట్రీషియన్ కువాందిక్, పక్క బల్ల దగ్గర కిటికీ వైపు తిరిగి రొట్టె నములుతున్నాడు.

"కూర్చో చెల్లీ," అన్నాడు జైనొల్లా. "సీలింగంటే ఏమనుకున్నావు? బిల్డింగుకి తొడిగే చొక్కా. ఎవరికి కుడుతున్నామో చూడకుండా గుడ్డ చించకూడదు. నేను మొదట వేసింది ఒక బ్యాంకులో. పెద్ద పనేం కాదులే, నాలుగొందల పలకలు. ఒక్కణ్ణే, ఒక్క రోజులో. లేజరూ లేదు గీజరూ లేదు, గొట్టంలో నీళ్లు పోసి లెవెలు చూసుకున్నా. అయ్యాక మేనేజరు నిచ్చెనెక్కి, ఒక పలక ఎత్తి, పక్క పలక మీద గోలీ పెట్టాడు. కదిలితే ఒట్టు. ఇప్పటికీ అక్కడే ఉంది, వెళ్లి చూసుకో."

"నిరుడు రెండొందలన్నావు," అన్నాను నేను.

"మిగతా రెండొందలు భోజనం చేశాక వేశాను. నువ్వు టీ పొయ్యి. తర్వాత చెల్లీ, బడి. ఈ తెల్ల పలక చూడు, ఒళ్లంతా సన్న చిల్లులు. ఇది చప్పుడు తింటుంది. ఎవరు బిగించినా తింటుంది, నేను బిగిస్తే దానికి ఆకలెక్కువ. ఆరొందలమంది పిల్లలు, మొదటి వారంలో వాళ్ల అల్లరంతా తినేసింది, టీచర్లు నా చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో వారంలో పాఠాలు తినడం మొదలుపెట్టింది. టీచరమ్మ నోరు కదుపుతోంది, మాట రాదు. ఐదేళ్లకి ఒక పలక మార్చాలని నన్నే పిలిచారు. దించి, దుమ్ము పోవాలని వెనక ఒక్క తట్టు తట్టాను. ఏడో ఎక్కం అందుకుంది. ఏడొకట్ల ఏడు నుంచి ఏడు పదులు డెబ్బై దాకా, ఎక్కడా తడబడలేదు."

"మన వాళ్లు చదివిన దానికంటే నయం," అన్నాడు కువాందిక్, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

నేను గిన్నె నిండా టీ పోశాను. మా వైపు గిన్నె నిండా పోస్తే ఇక లేచి వెళ్లమని అర్థం. జైనొల్లా ఒక్క గుటకలో తాగేసి ఖాళీ గిన్నె మళ్లీ చాచాడు.

రౌషన్ నవ్వలేదు. "అయితే పలకలు వేయిస్తే పెళ్లి పాటలు కూడా మింగేస్తాయా అగా?" అంది. అగా అంటే మాలో పెద్దన్న.

"మింగవు. గోల గోడలకి తగిలి తిరిగొచ్చి తలనొప్పి తెస్తుందే, దాన్ని తింటాయి. పైన పైపు కారితే ఆ ఒక్క పలక ఎత్తి చూసుకోవచ్చు. వంటింటి పక్కన మాత్రం వద్దు, ఆవిరికి నాని పొట్ట జారుస్తాయి."

ఇవన్నీ నిజాలే. అదీ వాడితో వచ్చిన చిక్కు. కోతల మధ్య ఎక్కడో ఒక నిజం పడేస్తాడు, దాన్ని ఏరుకోవడం వినేవాళ్ల పని.

"మరి ఇది?" రౌషన్ జాలీ ముక్క ఎత్తింది. "ఇప్పుడంతా ఇదే ఫ్యాషనంటున్నాడు షాపతను. వాళ్ల మనుషులే వచ్చి వారంలో బిగించేస్తారట."

జైనొల్లా గిన్నె బల్ల మీద పెట్టాడు. "జాలీ పేరెత్తావు కాబట్టి ఇక నేను నోరు మూసుకుని కూర్చోలేను."

"ఇందాకట్నించీ మూసుకున్నట్టు," అన్నాడు కువాందిక్.

"తుర్కిస్తాన్‌లో పెళ్లిమండపం, చెల్లీ, నీదానికంటే రెండింతలు. యజమాని మొండిఘటం. జాలీయే కావాలన్నాడు. వద్దు బాబూ అని కాళ్లావేళ్లా పడ్డాను, వింటేనా. సరే, వేశాను. మొదటి పెళ్లి. కోడలు గడప దాటింది. మన ముసలమ్మల సంగతి నీకు చెప్పాలా, గుప్పెళ్లతో మిఠాయిలూ చిల్లరా పైకి చల్లారు. పైకి వెళ్లినవి కిందికి రాలేదు. పిల్లలు టోపీలు పట్టుకుని నిలబడ్డారు, ఒక్క చాక్లెట్టు రాలితేగా. గళ్లన్నీ గుటుక్కున మింగేశాయి. ముసలమ్మలకి రోషం వచ్చింది, సంచులు తెప్పించారు. సంచులు చాలక బస్తాలు తెప్పించారు. అరవై పెళ్లిళ్లయ్యేసరికి ఎంత పేరుకుందో తెలుసా? మూడు టన్నులు. పెళ్లికి ఒక అంగుళం చొప్పున సీలింగు దిగిపోయింది. చలికాలానికి పెళ్లికొడుకులు మోకాళ్ల మీద నాట్యం చేస్తున్నారు. పొడుగ్గా ఉన్న చుట్టాలకి పిలుపులు మానేశారు."

"అప్పుడు నిన్ను పిలిచారు," అన్నాను.

"ఇంకెవర్ని పిలుస్తారు? వెళ్లాను. సీలింగుని మోసే ప్రతి తీగా మార్చి స్లాబుకి కొత్తది బిగించాను. షాండిలియర్ని సీలింగుకి వేలాడదీయకుండా నేరుగా స్లాబుకే తగిలించాను, నువ్వూ అలాగే చేయించు. పైన నేను చివరి స్క్రూ తిప్పుతున్నాను, కింద నాలుగొందలమంది భోజనాలకి కూర్చున్నారు, అప్పుడొచ్చింది భూకంపం. మండపం కింద నేల విడిచిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సీలింగు కదల్లేదు. సీలింగుని పట్టుకుని స్లాబు, స్లాబుని పట్టుకుని గోడలు, గోడల్ని పట్టుకుని బల్లలు, బల్లల్ని పట్టుకుని నాలుగొందలమంది చుట్టాలు, మొత్తం మండపం నా సీలింగుకి వేలాడింది. వేలాడుతూనే మాంసం తిన్నారు, ఏ ఎముక ఏ పెద్దకి వడ్డించాలో ఆ మర్యాదలు కూడా తప్పలేదు. ఊయలనుకుని పసిపిల్లలు నిద్రపోయారు. మూడు రోజులకి నేల తిరిగొచ్చింది. నాకు పట్టు అంగరఖా తొడిగి, గుర్రమెక్కించి, ఊరంతా నా వెనక నడిచింది."

టీకి వచ్చిన లారీ డ్రైవర్లు బల్లలు చరిచారు. జైనొల్లా ఆ గుర్రం మీద ఇంకా కూర్చునే ఉన్నట్టు వెనక్కి వాలాడు.

"మండపం సీలింగుకి వేలాడింది సరే," అంది రౌషన్ మెల్లగా. "సీలింగు దేనికి వేలాడింది అగా?"

"అదీ... ఆ రోజుల్లో తీగలు అలాంటివి."

కువాందిక్ రొట్టె పక్కన పెట్టి ఇటు తిరిగాడు. "ఆ మండపంలో వైరింగు నాది, నేను చెప్తాను. ఆ నెలంతా యజమాని ఆసుపత్రిలో ఉన్నాడు. జాలీ ఎంచింది వీడే. ఏదో ఆఫీసులో చూసి మోజుపడ్డాడు. ఆఫీసులో మిఠాయిలెవరు చల్లుతారని ఒక్కసారైనా ఆలోచించలేదు. టన్నులు కాదు, రెండు బకెట్లు. లైట్ల వేడికి చాక్లెట్లు కరిగి పెళ్లికొడుకు తల్లి తెల్ల తలగుడ్డ మీద కారాయి. భూకంపం వచ్చింది ఆవిడ నోట్లోంచే. వీడు మూడు రోజులు నిచ్చెన మీద నిలబడి తడిగుడ్డతో గడి గడీ తుడిచాడు. గుర్రం లేదు, గాడిద లేదు. ఉల్లిపాయల లారీలో ఇంటికొచ్చాం."

ఇక వీడికి పని దక్కదని నేను అనుకున్నాను, చెప్పొద్దూ, జాలేసింది. జైనొల్లా తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

"మూడు కాదు," అన్నాడు. "నాలుగు రోజులు."

రౌషన్ జాలీ ముక్కని సంచిలో పడేసింది. "షాపులో ఈ సంగతి ఒక్కడూ చెప్పలేదు. తెలిస్తేగా చెప్పడానికి, వాళ్లెప్పుడు తుడిచారు కనక. నాకు తప్పు చేయనివాడు వద్దు, ఆ తప్పు ఇంకొకరి ఇంట్లో చేసి వచ్చినవాడు కావాలి. మధ్యలో జిప్సం, పైపులున్న పక్కలకి పలకలు, షాండిలియర్ స్లాబుకి. ఎల్లుండి పొద్దున్నే వచ్చేయండి అగా."

జైనొల్లా ముఖం వెలిగిపోయింది. అమాంతం నిటారుగా కూర్చున్నాడు. "జిప్సం అన్నావు చూడు చెల్లీ, అసలు నేను విమానాశ్రయంలో జిప్సం వేసినప్పుడు..."

"ఒక్క షరతు," అంది రౌషన్ లేస్తూ. "నా మండపంలో పని చేసినంతకాలం స్క్రూలు జేబులో పెట్టుకోవద్దు. నోట్లో పెట్టుకోండి."