ప్రభుదాస్ బూట్లు

ఇబ్రహీంపట్నం చర్చిలో, గోడకు ఆనించిన రంగుల అద్దాల కిటికీ ముందు మరియ, అద్దాల పనిచేసే ముఖీమ్. కిటికీ అద్దాల్లో మిలిటరీ దుస్తుల్లో మరియ కొడుకు ప్రభుదాస్ బొమ్మ; అతను సరిహద్దులో చనిపోయాడు.

“మొఖం మంచిగొచ్చింది. బూట్లే తీసెయ్యి, ముఖీమ్.”

“బూట్లా? మిలిటరీ మనిషి బూట్లు లేకుంట ఎట్లుంటడు, అక్కా?”

“చర్చిల ఉన్నడు గదా. నా కొడుకు ఏనాడన్న బూట్లతోని లోపటికొచ్చిండా? సెలవుల దిగితే బ్యాగు గడప బయటవెట్టి, బూట్లిప్పి, నల్ల కాడ కాళ్ళు కడుక్కొనే వచ్చేటోడు. నువ్వు మస్జిద్‌లకు చెప్పులతోని పోతవా?”

“పోను.”

“మరి?”

“గది నాకు సమజైతది. కానీ నువ్విచ్చిన ఫోటోల బూట్లున్నయ్. పాస్టరు కూడ చూసి మంచిగుందన్నడు. ఆదివారం ప్రార్థనకు బిగియ్యాలె.”

“మల్లొచ్చే ఆదివారం బిగియ్యి. వాడు యాడికి పోతడు ఇగ?”

“అట్లనకు అక్కా. ఒక పని చేస్త. బూట్ల జాగల పచ్చగడ్డి లెక్క అద్దం వెడ్త. పాదాలే కనవడయ్.”

“వద్దు.”

“పోనీ, పూలు? ఎర్ర పూలు మస్తుగుంటయ్.”

“వద్దంటున్న గదా. దాచకు. కాళ్ళు కనవడాలె. వేళ్ళన్నీ కనవడాలె. ఎడమకాలు బొటనవేలికి సగం గోరే ఉండె, చిన్నప్పుడు రాయి మీదవడ్డది. గదీ గీయి.”

“అంత ఎత్తుల బిగిస్తే గోరు ఎవలకు కనవడ్తది?”

“నాకు.”

“జర కూసో అక్కా.”

“వాని శవం తెచ్చిన దినం పెట్టె కాడ నువ్వున్నవా?”

“ఉన్న. ఊరంత ఉండె. మొఖం చూసిన. పండుకున్నట్టే ఉండె.”

“మొఖమే చూపిచ్చిండ్రు. మీద కప్పిన గుడ్డ తియ్యనియ్యలే. మందుపాతర అన్నరు, ఇంకేం చెప్పలే. నేను పెట్టె మీదవడి ఏడుస్తున్ననని అనుకున్నరు అందరు.”

“ఏడ్వలేదా?”

“గుడ్డ కిందికి చెయ్యివెట్టి కాళ్ళు తడుముకున్న, ముఖీమ్. మోకాళ్ళ కింద ఒట్టి బట్టలే కుక్కిండ్రు. గీ అద్దంలనన్న వానికి కాళ్ళుండనీ.”