వ్లాస్తా నడిపిన గ్యాసు ట్రాక్టరు

అమ్మలారా, అయ్యలారా, ఇరుగుపొరుగు వారలారా,

గోధుమ కోతలు నడుస్తున్నాయి. ఇలాంటి రోజున పొలం వదిలి ఎవరూ రారు. అయినా ఈ చర్చి హాల్లో ఇవాళ కాలు పెట్టే చోటు లేదు. వ్లాస్తా కుబిచెక్ మంగళవారం పొద్దున గుండె ఆగి చనిపోయింది. ఆమె భర్త స్టాన్లీ ముందు వరసలో ఉన్నాడు. నేను వాళ్ళ గట్టు పక్క రైతుని, మిలో యెలినెక్‌ని. నాకు పొగడడం రాదు. చూసింది చెబుతాను.

స్టాన్లీ గాలిమర మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న ఏడాది పొలం ఆవిడ చేతికొచ్చింది. పొలంతో పాటు ప్రొపేన్ గ్యాసుతో నడిచే ట్రాక్టరూ వచ్చింది. "ఇంకేముంది, మన నెబ్రాస్కా రాష్ట్రం సగం పేలిపోతుంది!" అని మనలో కొందరు నవ్వలేదా? నవ్వారు.

ఆ కోతల్లోనే పడమట మబ్బు పట్టింది. వడగళ్ళ మబ్బు. సరిగ్గా అప్పుడే, గ్యాసు నింపుకుని వచ్చిన బండి దగ్గి ఆగిపోయింది. మగాళ్ళందరం చుట్టూ చేరాం. ప్లగ్గులన్నాం, కార్బురేటరన్నాం. ఆవిడ ఒక్కటే మాట అంది: "మీ సలహాలు తర్వాత వింటాను గానీ, ముందు చేతులు తీయండి." ట్యాంకు వాల్వు పూర్తిగా మూసింది. కాసేపు ఊరుకుంది. మళ్ళీ మెల్లగా, చాలా మెల్లగా తిప్పింది. బండి అందుకుంది! "విసురుగా తిప్పితే గ్యాసు ఒక్కసారిగా తోసుకొచ్చి, దాన్ని ఆపే గడియ లోపల పడిపోతుందయ్యా. తొందరున్నప్పుడే నెమ్మదిగా తిప్పాలి" అంది. మబ్బుకంటే ముందే గింజ ఇల్లు చేరింది.

గ్యాసు నింపేటప్పుడు ఆవిడని చూశారా? ఆరుబయటే నింపేది. ఇంజిను ఆపి, తోలు తొడుగులు వేసుకునేది. ట్యాంకు మట్టం చూపే చిన్న కుళాయిలోంచి తెల్లటి తుంపర చిమ్మగానే ఆపేసేది. ఐదో వంతు ట్యాంకు ఖాళీగానే ఉంచేది. ఇంకాస్త పట్టించమంటే, "ఎండకి గ్యాసు ఉబ్బుతుంది, ఆ ఖాళీ ఎండది. ఎండ వాటా మనం ఇవ్వకపోతే అదే లాక్కుంటుంది" అనేది.

ఇక రేమండ్ హోలుబ్ షెడ్డు సంగతి. రేమండ్ ఇక్కడే ఉన్నాడు, చెప్పమన్నాడు. అతని గ్యాసు ట్రాక్టరు షెడ్డులో ఉంది. పక్కనే, బండి కింద దిగి పనిచేసుకునే మరమ్మతుల గొయ్యి. గొయ్యిలో అతని కూతుళ్ళు రోజ్, టెరెసా బొమ్మలాట ఆడుకుంటున్నారు. గుడ్లు ఇవ్వడానికి వచ్చిన వ్లాస్తాకి గుమ్మంలోనే వాసన తగిలింది. ఆ గ్యాసు గాలికంటే బరువు. నీళ్ళలాగే పల్లానికి దిగుతుంది. పల్లంలో పిల్లలున్నారు!

అరిచిందా? అరవలేదు. అరిస్తే ఇంట్లోంచి ఎవరో పరుగున వచ్చి దీపం స్విచ్చి నొక్కుతారు. ఒక్క నిప్పురవ్వ చాలు. గొయ్యి అంచున వంగి, "రండి తల్లీ, కోడిపిల్లల్ని చూపిస్తాను" అంది. చెరో చెయ్యి పట్టుకుని గాలికి ఎదురుగా పొలంలోకి నడిపించింది.

అంతలో రేమండ్ నోట్లో సిగరెట్టుతో బండి తోలుకుంటూ వస్తున్నాడు. ఆవిడ బాటకడ్డంగా నిలబడింది. "తప్పుకో! పిచ్చి పట్టిందా నీకు?" అని కేకేశాడు. "ఇంజిను ఆపు, సిగరెట్టు ఆర్పు. ముందు ఆపు, తర్వాత తిట్టు!" అంది.

ఆపాడు.

ఆవిడ షెడ్డు తలుపులు బార్లా తీసి, గాలి ఆడి వాసన పూర్తిగా పోయేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. తర్వాతే వాల్వులు మూసింది. సబ్బునురగ పూసి, గొట్టం అతుకు దగ్గర గ్యాసు కారే చోట లేచిన బుడగలు చూపించింది. పిల్లలు మాత్రం కోడిపిల్లలేవని ఏడ్చారు. మర్నాడు బుట్టలో తెచ్చి ఇచ్చింది.

ఆ రోజు ఏమీ జరగలేదు మిత్రులారా. మంట లేవలేదు, పేపర్లో పడలేదు. రోజ్, టెరెసా ఇవాళ వాళ్ళ పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఆ మూడో వరసలో కూర్చున్నారు. అంతే జరిగింది.

ఇక అందరూ లేవండి. టోపీలు తీయండి. కాసేపు మాటలు ఆపి ఆమెని తలుచుకుందాం.

స్టాన్లీ, నువ్వు లేవకు. ఆ తుంటితో నువ్వు అవస్థ పడితే ఆవిడ ఊరుకోదు. నీ బదులు కూడా మేమే నిలబడతాం.