మూడో పడక మెషిన్

చెల్లెలు ప్రోగ్రాములు రాస్తుంది, అక్క పసిపిల్లల వార్డులో నర్సు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని చెల్లెలు చేసిన ఫోన్‌ను అక్క రెండుసార్లు కట్ చేసి, మూడోసారి ఎత్తింది.

"పెట్టేయకు అక్కా. మీ వార్డులో మందెక్కించే మెషిన్లున్నాయే, వాటిని ఎవరినీ రీస్టార్ట్ చేయనివ్వకు."

"నెమ్మదిగా చెప్పవే. అంత కంగారేంటి?"

"భయమేస్తోంది. నేను రాసిన దాంట్లో తప్పుంది."

"ఏం తప్పు?"

"మీ నాలుగు పడకల మెషిన్లకీ లోపల ఉండేది ఒకటే కంప్యూటర్. దాన్ని పడకకొకటి చొప్పున నాలుగు ప్రాసెసర్లలా నటింపజేసేది నా ప్రోగ్రామే. హైపర్‌వైజర్ అంటాం."

"చాలాసార్లు చెప్పావు. నా బుర్రకెక్కితేగా."

"ఒక్కో ఉత్తుత్తి ప్రాసెసర్ మొదలయ్యేటప్పుడు దాని రిజిస్టర్లన్నీ, అదే, అంకెలు పెట్టుకునే చిన్న చిన్న గళ్ళు, అన్నీ సున్నా చెయ్యాలి. కొన్ని మర్చిపోయాను. మోతాదు లెక్క జరిగేది వాటిలోనే."

"మర్చిపోతే?"

"పాత అంకె అందులోనే ఉండిపోతుంది. రెండో పడక మోతాదు మూడో పడకకి వెళ్ళొచ్చు."

"మరి పరీక్షించి చూడరా?"

"వందసార్లు చూశాం. ప్రతిసారీ ప్లగ్గు పీకి పెట్టేవాళ్ళం. కరెంటు పోతే గళ్ళు వాటంతటవే ఖాళీ అయిపోతాయి."

"మేం ప్లగ్గు పీకం."

"ఎందుకు పీకరు?"

"అలారం కొడుతుంది. పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. చిన్న బటన్ నొక్కి మూడు లెక్కపెడతాం. కొత్తవాళ్ళకి నేర్పేది నేనే."

"అదే వద్దంటున్నా. బటన్ నొక్కితే కరెంటు పోదు, పాత అంకె అలాగే ఉంటుంది. వెంటనే వార్డులో చెప్పు."

"నేను వార్డులో లేను."

"ఇవాళ డ్యూటీ కదా నీకు?"

"మందు తప్పుగా ఎక్కుతున్నప్పుడు తెర మీద అంకె సరిగ్గానే కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. తెర చూపేది మీరు నొక్కిన అంకెనే. ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే. మీ ఆఫీసులో ఎవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదు. రేపటికల్లా గుట్టుగా సరిచేసి పంపేద్దామని. ఉద్యోగం పోతుందక్కా. కేసు పెడతారు. నా పేరు మాత్రం ఎత్తకు."

"ఎన్ని ఆసుపత్రుల్లో ఉన్నాయివి?"

"నలభై."

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న, నిన్ననే..."

"ఎప్పుడే?"

"సోమవారం."

"ఇవాళ గురువారం."

"తెలుసు."

"మంగళవారం మూడో పడక మెషిన్ రీస్టార్ట్ చేసింది నేనే. ఆ పడకలో బాబు ఇంకా కళ్ళు తెరవలేదు."

"అక్కా..."

"అంకె సరిగ్గానే ఉంది, నా కళ్ళతో చూశానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. చివరికి నాకూ నమ్మకం పోయింది. పెద్ద డాక్టరు గది ముందు కూర్చున్నా. తప్పు నాదేనని రాసిన కాగితం చేతిలో ఉంది."

"సంతకం పెట్టకు. అక్కా, విను, సంతకం పెట్టకు."

"తలుపు తీశారు. రమ్మంటున్నారు."

"నేనేం చెయ్యను అక్కా?"

"లైన్లోనే ఉండు. స్పీకర్ పెడుతున్నా."