అరవై రెండు యూనిట్ల ఇల్లు

హలో… ఆ, నేనేరా, అక్కని. కాస్త గట్టిగా మాట్లాడు, ఇక్కడ యుద్ధం జరుగుతోంది.

ఒక్క నిమిషం… ఏమండీ, మీ అమ్మ మీద అరవకండి! గీజరు ఆపింది తనేనని ఆవిడ ఒప్పుకున్నారుగా. ఇంకా రాసి కూడా ఇవ్వాలా?

…ఆ, చెప్పు.

ఏముంది, పొద్దున్నుంచీ ఇదే. మీ బావ గీజరు వేస్తారు, అత్తయ్య ఆపుతారు. ఆయన వేస్తారు, ఆవిడ ఆపుతారు. నేను మధ్యలో కూర మాడకుండా చూసుకుంటున్నాను.

స్నానానికా? ఈ ఎండలో వేణ్ణీళ్లు ఎవరు పోసుకుంటార్రా! మీటరు తిరగడానికి. ఎల్లుండి రీడింగుకి వస్తారు. ఇంకా పద్దెనిమిది యూనిట్లు తక్కువున్నాయి.

…నవ్వు, నవ్వు. ఈ ఉపాయం చెప్పిన మహానుభావుడివి నువ్వేగా.

చెప్పలేదూ? బాగా గుర్తు చేసుకో. మూడు నెలల క్రితం మీ విద్యుత్ శాఖ నుంచి సర్వే ఆయన వచ్చాడా… కప్పు మీద వేడి దిగకుండా పలకలు వేస్తారు, ఉచితం, ఇళ్లలో కరెంటు వృథా తగ్గించడానికి కొత్త పథకం అన్నాడా… మేడ మీద అత్తయ్య గదిలో స్టూలెక్కి కప్పుకి అరచెయ్యి ఆనించి, అమ్మో అని తీసేసి, ఊదుకున్నాడు కూడానూ. ఇంకేం, మాకు వచ్చేసినట్టే అనుకున్నాం. అప్పుడు బిల్లు చూశాడు. అరవై రెండు యూనిట్లు.

అవును, అరవై రెండే. ఇంట్లో అత్తయ్య ఉండగా అరవై మూడెలా అవుతుంది?

ఏం చేశాడా… ఆవిడకి నమస్కారం పెట్టాడు. ‘మీలాంటివాళ్లు ఇంటికొకరుంటే చాలమ్మా’ అని, తలుపు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ అంటించి వెళ్లిపోయాడు. నూట యాభై దాటిన ఇళ్లకే పలకలట. వృథా చేసేవాళ్లనే బాగుచేస్తారట. మేం ముందే బాగుపడిపోయాం కాబట్టి మాకేం అక్కర్లేదట.

…ఆ, ఇప్పుడు గుర్తొచ్చిందా. ‘అక్కా, మూడు నెలలు గట్టిగా వాడి చూపించండి, తర్వాత నేను చూసుకుంటా’ అన్నావు. వాడుతున్నాం నాయనా. ఎండలో నాలుగు లైట్లు. ఎవరూ చూడని టీవీ. ఇస్త్రీపెట్టె బట్ట లేకుండా కాలుతోంది. మీ బావయితే ఫ్రిజ్ తలుపు తీసి, దాని ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. ఇంత సుఖం ఆయన పెళ్లయ్యాక ఎరగరు.

అత్తయ్యా? డెబ్బై నాలుగేళ్లుగా స్విచ్చులు ఆపుతున్న మనిషి. ఆ వేలు ఊరుకుంటుందా? మేం నిద్రపోతే చాలు, ఇల్లంతా తిరిగి ఆపేసి పడుకుంటారు. పథకం, పలకలు అని పది సార్లు చెప్పాం. అన్నీ విని, తలూపి, వెళ్తూ వెళ్తూ లైటు ఆపేస్తారు.

…ఏం బాగున్నారు? నీకు చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం పైనుంచి దిగొచ్చి ఇస్త్రీపెట్టె ఆపి, మళ్లీ ఎక్కుతూ మెట్ల మీద కూలబడిపోయారు.

ఆ, మనిషి మనిషిలా లేరు. ఒళ్లు పెనంలా ఉంది. తడిగుడ్డలు వేశాం, డాక్టరు వచ్చి చూశాడు. ఆయనా పైకెళ్లి గది చూశాడు. ‘ఈ వయసులో ఈ గదిలో ఉంచితే ఇంకోసారి మెట్ల దాకా కూడా రారు’ అన్నాడు. అంత మాటన్నాడు.

…అందుకే అడుగుతున్నా, పలకలు ఎప్పుడేస్తారు? …ఏంటి? శుభవార్తా? చెప్పు, చెప్పు! చిట్టీ, ఆ టీవీ గొంతు తగ్గించు, మామయ్య ఏదో మంచి మాట చెప్తున్నాడు.

…పలకలు కాదా.

…ఏ కేంద్రం? అణు విద్యుత్ కేంద్రమా.

ఓహో. మంత్రిగారు ఇవాళే ప్రకటించారా. మంచిది. ఎప్పటికి పూర్తవుతుంది?

…‘అంతా అనుకున్నట్టు జరిగితే’ పన్నెండేళ్లు.

ఉండు. అత్తయ్యా, పన్నెండేళ్లలో కొత్త కరెంటు వస్తుందట! అప్పటికి మీకు ఎనభై ఆరు… ఏమంటున్నారో వినబడిందా? ‘దాని స్విచ్చు ఎక్కడుంటుందో ఇప్పుడే కనుక్కో’ అంటున్నారు.

…కోప్పడకు. నేను వద్దన్నానా? కట్టుకోండి. పొగ రాదు, బొగ్గు అక్కర్లేదు, అన్నీ ఒప్పుకుంటాను. చదువుకున్నవాళ్లు, మీకు తెలుసు. నాకు తెలిసిందొకటే. మీ కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చినా అది తిప్పాల్సింది మా ఫ్యానునే. ఆ ఫ్యాను తిరిగేది మా కప్పు కిందే. కాలిన కప్పు కింద ఏది తిప్పినా సెగే కదరా వచ్చేది.

సరే, అది వదిలెయ్. పలకలకి మేం పెట్టుకున్న దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చింది?

…పథకమే నిలిపేశారా? ఎన్నాళ్లు?

…ఎన్నాళ్లో తెలియనిదాన్ని ఆపెయ్యడం అంటార్రా. ఎందుకు?

‘ఆశించిన ఫలితం రాలేదు.’ …మెల్లగా చెప్పు, నేను నీ పై అధికారిని కాదు, తెలుగులో చెప్పు. పథకం మొదలెట్టిన వీధుల్లో వాడకం తగ్గాల్సింది… పెరిగిందా? రెట్టింపా! …మా వీధి కూడానా? …మా వీధిదే మొదటి స్థానమా!

ఒరేయ్, పెరగదా మరి? ఎక్కువ వాడితేనే పలకలని మీరేగా అన్నారు! ఎదురింటి టైలరు గుడ్డ లేకుండా మోటారు మిషను తిప్పుతున్నాడు. పక్కింటి టీచరమ్మ ఉతికిన బట్టలే తీసి మళ్లీ ఉతుకుతోంది. ఆ పరుపుల కొట్టాయన దుకాణం లైట్లన్నీ ఇంట్లో పెట్టించుకున్నాడు. వీధి వీధంతా ఒళ్లు వంచి వృథా చేస్తున్నాం, మీ మాట మీద గౌరవంతో.

…అంటే, పొదుపుతో పని జరగదు, జనానికి కరెంటు దాహం పెరిగిపోయింది, అందుకని ఆ అణు కేంద్రం కట్టాలి. అంతేనా? మా గీజరుని సాక్ష్యం పెట్టి కడుతున్నారా దాన్ని!

ఆ లెక్క ఎవరు తీశార్రా?

…ఎవరో ఒకరు తీసుంటారుగా. పట్టిక ఎవరు వేశారు?

…

నువ్వా.

…అవును, పైనుంచి అడిగారు, వేశావు. ఉద్యోగం. కాదనను. ఆ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ‘వీళ్లచేత వాడించింది మేమే’ అని ఒక్క ముక్క రాయలేకపోయావా? …చోటు లేదా. నిజమే, పెద్ద పట్టిక అయ్యుంటుంది.

…నేను వెటకారంగా మాట్లాడక ఇంకెలా మాట్లాడను? ఇక్కడ ఒక ముసలావిడ ప్రాణం మీదికి వచ్చింది, నువ్వు మంత్రిగారి ప్రకటన చదివి వినిపిస్తున్నావు.

…ఏమన్నావ్?

…మళ్లీ అను.

‘మీ పడగ్గది కిందే ఉందిగా, ఆవిణ్ణి అందులోకి ఎందుకు దించలేదు’ అనా.

…

…కూర దించుతున్నా. లైన్లోనే ఉన్నా.

లేదు, కోపం కాదు. …తట్టకపోవడమేంట్రా, తట్టింది. ఆ సర్వే ఆయన చెయ్యి ఊదుకుంటున్నప్పుడే తట్టింది. ‘అత్తయ్యా, పైన మీకు వేడిగా ఉందా’ అని అడిగాను కూడా. ‘నాకేం, బాగానే ఉంది’ అన్నారు. ఆవిడ ఇంకేమంటారు? ఆ మాట ఎప్పుడంటారా అని చూస్తున్నదాన్ని, చటుక్కున పట్టుకున్నాను.

మీ బావా? ఆయనకీ తట్టే ఉంటుంది. ఒకరితో ఒకరం అనలేదు. మా గదికి పగలు నీడ, రాత్రి గాలి. ఎవరు ముందు నోరు విప్పుతారు? పలకలొస్తాయి, పలకలొస్తాయి అంటూ కూర్చున్నాం. మూడు నెలలు మిమ్మల్ని తిట్టుకోవడం హాయిగా ఉంది. మంచం జరపక్కర్లేదు కదా.

…ఓదార్చకు. నువ్వు బయటపడ్డావనీ అనుకోకు. నీ పట్టిక నీదే, నా గది నాదే. దేని సిగ్గు దానికుంది.

…ఉండు, పెట్టెయ్యకు.

ఏమండీ, ఒకసారి ఇలా వస్తారా. …ఫ్రిజ్ తలుపు వెయ్యండి ముందు. చిట్టీ, నువ్వూ రా. అత్తయ్యా, మీరు లేవకండి, అక్కడే కూర్చోండి, వినబడుతుంది.

ఈ పూట నుంచి అత్తయ్య కింద మా గదిలో పడుకుంటారు. ఆవిడ బీరువా, మంచం, మందుల పెట్టె, అన్నీ దించేద్దాం. మన మంచం పైకెక్కిస్తున్నాం.

…ఎక్కడేంటండీ, ఆవిడ గదిలోనే.

…నాలుగు రోజులకి కాదు. ఇంక అంతే.

వద్దనకండి అత్తయ్యా. ఇన్నాళ్లూ మీరు బాగానే ఉందన్నారు, మేం నమ్మినట్టు నటించాం. చాలు.

…అవునండీ, వేడిగానే ఉంటుంది. నిద్ర పట్టదు. నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఏరా, విన్నావుగా… ఉంటాను. మంచానికి రెండు చేతులూ కావాలి.